దీపపు ఎరలో పడిన పురుగు ‘విదేశీ ఈగ’ కాదు

సంపాదకులకు నమస్కారం.

అక్టోబరు చివరి వారంలో మీ జిల్లా అనుబంధంలో ‘విదేశీ ఈగ దాడి’ అన్న శీర్షికతో వచ్చిన వార్త చదివాను. ఒక వసతి గృహంలో పిల్లల మెడల మీద, కళ్ళ చుట్టూ కాలినట్టు బొబ్బలు లేచాయనీ, నైరోబీ నుంచి వచ్చిన ఈగ దానికి కారణమనీ, రైతులు వెంటనే పొలాల్లో పురుగుమందు పిచికారీ చేసి దాన్ని అరికట్టాలనీ ఆ వార్త సారాంశం. పిల్లలు పడిన బాధ నిజం, బొబ్బలూ నిజం. ‘విదేశీ’ అన్నదీ, ‘ఈగ’ అన్నదీ, మందు కొట్టమన్నదీ మాత్రం సరికావు. పైగా వార్త పక్కన అచ్చయిన ఫోటోలోని పురుగుకూ ఆ బొబ్బలకూ ఏ సంబంధమూ లేదు. ముప్పై ఏళ్ళకు పైగా డిగ్రీ విద్యార్థులకు జంతుశాస్త్రం చెప్పి విశ్రాంతి తీసుకుంటున్నవాణ్ణి. అలాంటి బొబ్బలకు కారణమయ్యే పురుగు నమూనా ఇప్పుడు నా బల్ల మీదే ఉంది కనుక, ఉత్తరం కాస్త పొడుగైనా ఓపిక పట్టి ప్రచురించవలసిందిగా కోరుతున్నాను.

ఆ వార్త రావడానికి వారం ముందే మా వీధి చివర ఉండే కౌలు రైతు ఒక పొద్దున్నే ప్లాస్టిక్ బేసిన్ పట్టుకుని మా ఇంటికి వచ్చాడు. సార్వా వరి ఈనిక మీద ఉంది. కాండం తొలుచు పురుగు, సుడిదోమ ఏ మేరకు ఉన్నాయో తెలుసుకోవడానికి అతను గట్టు మీద మూడు కర్రలు నిలబెట్టి, వాటి మధ్య బల్బు వేలాడదీసి, కింద సబ్బు నీళ్ళు పోసిన బేసిన్ పెట్టి దీపపు ఎర ఏర్పాటు చేసుకున్నాడు. రాత్రి పడినవాటిలో గుర్తుపట్టగలిగినవన్నీ తనే లెక్క పెట్టుకున్నాడు. తెలియనివి రెండు రకాలు మిగిలాయి. “మాస్టారూ, ఎర్ర చీమల్లా ఉన్నాయిగానీ నడుం దగ్గర నీలంగా మెరుస్తున్నాయండి, ఇవేంటో చూడండి,” అన్నాడు. చీమ అనుకున్నందుకు అతన్ని తప్పు పట్టడానికి లేదు. మొదటి చూపుకు ఎవరికైనా అలాగే కనిపిస్తుంది.

పది రెట్లు పెంచి చూపే చేతి భూతద్దం కింద పెట్టగానే చీమ అన్న అనుమానం పోయింది. చీమకు వక్షానికీ పొట్టకూ మధ్య సన్నని తొడిమలాంటి నడుము ఉంటుంది, స్పర్శ శృంగం (తల మీది మీసం) మోచేయిలా వంగి ఉంటుంది. ఈ పురుగుకు ఆ రెండూ లేవు. ఏడు మిల్లీమీటర్ల పొడవు, నల్లని తల, నారింజ ఎరుపు మెడ భాగం, దాని వెనుక నీలం ఆకుపచ్చ కలిసిన లోహపు మెరుపుతో రెండు చిన్న పెంకులు, మళ్ళీ నారింజ ఎరుపు పొట్ట, చివరన నల్లని కొస. ఆ చిన్న పెంకులే అసలు ఆనవాలు. మనకు తెలిసిన పెంకు పురుగుల్లో ముందు రెక్కలు గట్టిపడి వీపునంతా కప్పేస్తాయి. ఈ కుటుంబంలో మాత్రం అవి పొట్టి చొక్కాలా పైభాగం వరకే వచ్చి ఆగిపోతాయి, పొట్ట ఖండాలు ఐదారు బయటికి కనిపిస్తాయి. ఇంత చిన్న పెంకుల కింద ఎగిరే రెక్కలు ఎలా ఇముడుతాయన్న సందేహం సహజంగానే వస్తుంది. సూదితో పెంకు ఎత్తి చూస్తే, పెంకుకు ఎన్నో రెట్లున్న పలుచని రెక్క మడత మీద మడతగా కుదురుకుని ఉంది. కాబట్టి ఇది బాగా ఎగరగలదు, దీపానికీ వస్తుంది. పొట్ట చివర పటకారులాంటి జత ఉంటే ఇయర్‌విగ్ అనే వేరే రకం పురుగు అనుకునేవాణ్ణి. అదీ లేదు.

ఇంతవరకు వస్తే కుటుంబం తేలినట్టే. ఇది స్టాఫిలినిడే, ఇంగ్లీషు వాడుకలో రోవ్ బీటిల్ కుటుంబం. 1802లో ఫ్రెంచి శాస్త్రవేత్త లాత్రేయ్ ఈ కుటుంబాన్ని ఏర్పరిచాడు. ఇప్పటికి ఇందులో 60 వేలకు పైగా జాతులకు పేర్లున్నాయి, అంటే జంతు ప్రపంచంలోని అతి పెద్ద కుటుంబాల్లో ఇదొకటి. అందుకే ‘రోవ్ బీటిల్’ అని చెప్పి ఊరుకుంటే, ‘ఇది పక్షి’ అని చెప్పినంత మాత్రమే చెప్పినట్టు. నేను కాళ్ళు చూశాను. అన్ని పాదాలకూ ఐదేసి ఖండాలు ఉన్నాయి, నాలుగో ఖండం రెండు పాయలుగా చీలి ఉంది. ఆ రంగుల అమరికతో కలిపి చూస్తే ఇది డెన్మార్క్ శాస్త్రవేత్త ఫాబ్రిసియస్ 1775లో పేరు పెట్టిన పెడెరస్ ప్రజాతి (దగ్గరి బంధువులైన జాతుల గుంపు).

ఈ ప్రజాతిలో మన వరి పొలాల్లో ఎక్కువగా చెప్పుకునేది పెడెరస్ ఫుసిపెస్. ఇంగ్లండు కీటక శాస్త్రవేత్త జాన్ కర్టిస్ 1826లో దానికి ఆ పేరు పెట్టాడు. లాటిన్‌లో ‘ముదురు రంగు పాదాలది’ అని అర్థం. యూరప్ నుంచి జపాన్ వరకు, ఇటు ఆగ్నేయాసియా వరకు విస్తరించిన పురుగు ఇది. అయితే దక్షిణ భారతంలో పెడెరస్ మెలాంపస్ లాంటి బంధువులూ ఉన్నాయి, వాటి వల్లా చర్మం బొబ్బలెక్కుతుంది. పైరంగు చూసి వీటిని విడదీయడం నమ్మదగిన పద్ధతి కాదు. మగ పురుగు పొట్ట చివరి భాగాన్ని విప్పి, లోపలి జననాంగపు ఆకారాన్ని సూక్ష్మదర్శిని కింద ప్రామాణిక చిత్రాలతో పోల్చాలి. మన దేశపు రోవ్ బీటిళ్ళకు ఇప్పటికీ మొదట తెరవవలసినవి బ్రిటిష్ నౌకాదళంలో వైద్యుడిగా పనిచేసిన మాల్కం కామెరాన్ 1930 నుంచి 1939 వరకు వెలువరించిన సంపుటాలే. నా దగ్గర ఉన్న ఐదు నమూనాల్లో రెండు మగవి. వాటిని విప్పకుండానే భద్రపరిచాను. వణికే చేతులతో విప్పి పాడుచేసే కంటే, ఈ పనిలో ఆరితేరినవారికి పంపడమే మేలు. అందుకని ఈ ఉత్తరంలో ‘పెడెరస్’ అన్నంత వరకే గట్టిగా చెబుతున్నాను.

ఇక మీ ఫోటో సంగతి. అందులోని పురుగుకూ నారింజ రంగు, నీలి నలుపు పట్టీలు ఉన్నాయి, చీమలాంటి సన్నని మెడ ఉంది, వరి ఆకు మీదే కూర్చుని ఉంది. కానీ దాని పెంకులు పొట్టను దాదాపు చివరి దాకా కప్పేశాయి. అది కారబిడే అనే వేరే పెంకు పురుగుల కుటుంబానికి చెందిన ఒఫియోనియా. వరి ఆకుముడత పురుగు చుట్టిన గొట్టంలోకి దూరి, లోపలి లార్వాను తినే పురుగు అది. మనిషి చర్మానికి దానివల్ల ఏ బాధా లేదు. రంగు ఒకటే కాబట్టి పురుగూ ఒకటే అనుకోవడం వల్ల వచ్చిన పొరపాటు ఇది. ఆ ఫోటోను చూసి ఎవరైనా మందు కొడితే, చేయని నేరానికి శిక్ష పడేది దానికి.

‘నైరోబీ ఈగ’ అన్న పేరు ఎక్కడిదో కూడా చెప్పాలి. తూర్పు ఆఫ్రికాలో పెడెరస్ సబేయస్, పెడెరస్ ఎక్సిమియస్ అనే జాతులు వానల తర్వాత గుంపులుగా దీపాలకు వచ్చి జనాన్ని ఇబ్బంది పెడతాయి. ఆ పేరు వాటిది. 2022 జూలైలో సిక్కింలో ఒక ఇంజినీరింగ్ కళాశాల విద్యార్థులు సుమారు వంద మందికి ఇలాంటి బొబ్బలు వచ్చినప్పుడు దేశమంతా పత్రికలు ఆ పేరునే వాడాయి. అప్పటి నుంచి మన దగ్గర ఎక్కడ బొబ్బ లేచినా కెన్యా నుంచి ఏదో దిగుమతి అయిందన్న భయం మొదలైంది. ఈగకు ఒకే జత రెక్కలు, పెంకులు అసలే ఉండవు. ఇది పెంకు పురుగు. నైరోబీతో పనిలేకుండా మన వరి మడుల్లో ఎప్పటి నుంచో ఉంటున్నదే.

ఇది కుట్టదు, కరవదు. మెడ మీద పాకుతున్నప్పుడు నిద్రలో చేత్తో నలిపేస్తాం. అప్పుడు దాని ఒంట్లోని ద్రవం చర్మానికి అంటుకుంటుంది. అందులోని విషం పేరు పెడెరిన్. ఇటలీ శాస్త్రవేత్తలు పావన్, బో 1953లో దీన్ని వేరుచేశారు. దాని స్వరూపాన్ని తేల్చడానికి పొలాల నుంచి రెండున్నర కోట్ల పురుగులు సేకరించవలసి వచ్చిందంటే, ఒక్కో పురుగులో అది ఎంత స్వల్పంగా ఉంటుందో ఊహించుకోవచ్చు. ఆశ్చర్యం ఏమిటంటే ఆ విషాన్ని తయారు చేసేది పురుగు కాదు, దాని ఒంట్లో కాపురముండే, సూడోమోనాస్‌కు దగ్గరి చుట్టమైన ఒక బాక్టీరియా. మీ వార్తలో నాగుపాము విషంతో పోలిక తెచ్చారు. పాము విషం కోర ద్వారా ఒంట్లోకి దిగుతుంది, ఇది చర్మం పైన కణాల్లో ప్రోటీన్ తయారీని ఆపుతుంది. ఈ రెంటినీ పోల్చడం వల్ల తల్లిదండ్రులకు నిద్ర పట్టకపోవడం తప్ప వేరే ప్రయోజనం లేదు.

బొబ్బ వెంటనే రాదు, పన్నెండు గంటల నుంచి రెండు రోజుల మధ్య తేలుతుంది. పురుగును నలిపి చెయ్యి లాగిన దారి వెంట గీతలా వస్తుంది. మోచేయి, మెడ లాంటి మడతల్లో అయితే ఒకవైపు బొబ్బకు ఎదురుగా రెండోవైపు అచ్చు గుద్దినట్టు మరొకటి వస్తుంది. రాత్రి పడుకున్నప్పుడు లేనిది పొద్దున్నో మర్నాడో కనబడడం వల్ల పల్లెల్లో దీన్ని సర్పి అనుకోవడం కద్దు. నలిపినట్టు తెలిసిన వెంటనే సబ్బుతో, ధారాళంగా నీళ్ళతో కడగడం, ఆ చేత్తో కన్ను నులుముకోకపోవడం ముఖ్యం. కంటికి అంటితే డాక్టరును చూడవలసిందే. సాధారణంగా రెండు మూడు వారాల్లో తగ్గి, కొన్నాళ్ళు నల్లని మచ్చ ఉంటుంది. వసతి గృహాల కిటికీలకు సన్నని జాలీలు, మంచాల పైన వెలిగే తెల్లని ట్యూబులైట్లను పడుకునే ముందు ఆర్పడం, ఒంటి మీద కనబడితే చేత్తో కొట్టకుండా ఊదడమో కాగితం మీదికి ఎక్కించి పారేయడమో చేస్తే చాలా వరకు సరిపోతుంది.

పొలంలో మందు కొట్టమన్న సలహా మాత్రం నన్ను నిజంగా కలవరపెట్టింది. పెడెరస్ మాంసాహారి. పగలు వరి మొదళ్ళ దగ్గర తేమలో ఉండి, చురుగ్గా పైకి పాకుతూ సుడిదోమ, పచ్చదోమ పిల్లల్ని, చిన్న లార్వాలను, గుడ్లను తింటుంది. నేలలో పెరిగే దీని లార్వాలూ వేటాడి బతికేవే. అంటే సుడిదోమ మీద రైతుకు కూలి అడగకుండా పనిచేసే కాపలాదారుల్లో ఇదీ ఒకటి, సాలెపురుగులూ మిరిడ్ నల్లులూ చేసే పనిలో ఇదీ పాలుపంచుకుంటుంది. గోదావరి డెల్టాలో సుడిదోమ దెబ్బ తిన్నవారికి వేరే చెప్పనక్కర్లేదు. సింథటిక్ పైరెత్రాయిడ్ మందులు విచక్షణ లేకుండా కొట్టిన పొలాల్లో మిత్ర పురుగులు ముందు చచ్చి, సుడిదోమ తర్వాత రెట్టింపు బలంతో తిరిగి వస్తుంది. వసతి గృహంలో దీపం ఆర్పితే తీరే సమస్యకు ఎకరాల కొద్దీ పిచికారీ చేసి, ఆ పైన సుడిదోమకు మళ్ళీ మందు కొనడం ఏ లెక్కన లాభమో నాకు అర్థం కాదు. కోత యంత్రం దిగిన రాత్రుల్లో ఊరి దీపాలకు పురుగులు ఎక్కువగా రావడం నిజమే, వాటికి ఉన్న ఇల్లు పోయింది మరి. ఆ కొద్ది రాత్రులు జాగ్రత్త పడాలి.

బేసిన్‌లోని రెండో పురుగు సంగతి చెప్పకపోతే ఈ ఉత్తరానికి న్యాయం జరగదు. అది నాలుగు మిల్లీమీటర్లు కూడా లేదు, మొత్తం ముదురు గోధుమ రంగు. రైతు దాన్ని నలుసు అనుకున్నాడు. అదీ పొట్టి పెంకుల రోవ్ బీటిలే. స్పర్శ శృంగాలు కళ్ళ మధ్య నుదుటి మీద నుంచి మొలిచి ఉంటే అలియోకారినే ఉపకుటుంబం అనుకోవచ్చు. ఇందులో అలా లేవు. తలకు రెండు పక్కలా ఉబ్బిన పెద్ద కళ్ళుంటే స్టెనస్ అనే మరో ప్రజాతి అనుకోవచ్చు. కళ్ళు మామూలుగానే ఉన్నాయి. పాదానికి మూడే ఖండాలు ఉన్నాయి, ముందు కాలి పిక్క మీద తవ్వడానికి పనికివచ్చే ముళ్ళ వరుస ఉంది. వెల్లకిలా తిప్పి, పొట్ట కింది పలకలు లెక్కపెట్టాను. ఈ కుటుంబంలో మామూలుగా ఆరు కనిపిస్తాయి, దీనికి ఏడున్నాయి. నమ్మకం కుదరక కాలేజీ నుంచి సూక్ష్మదర్శిని అరువు తెప్పించి మూడుసార్లు లెక్కపెట్టాను. ఏడే. దాన్నిబట్టి ఇది ఆక్సిటెలినే ఉపకుటుంబం. బురద గట్లలో సొరంగాలు చేసుకుని నాచు తినే పురుగులు ఈ ఉపకుటుంబంలో చాలా ఉన్నాయి, దీపాలకూ విరివిగా వస్తాయి. నా భూతద్దం అక్కడితో ఆగింది. సీసా మీద చీటీలో ‘ఆక్సిటెలినే, ప్రజాతి తేలవలసి ఉంది’ అని రాశాను. ఇంత పని చేసి పేరు తేలనందుకు మా రైతు కాస్త చిన్నబుచ్చుకున్నాడు గానీ, ఈ విద్యలో అది మామూలే. చార్లెస్ డార్విన్ 1832లో అర్జెంటీనాలోని బహియా బ్లాంకాలో పట్టిన ఒక రోవ్ బీటిల్ లండన్ మ్యూజియంలో ఎవరి కంటా సరిగా పడక ఉండిపోయింది. 2014లో గానీ చట్జిమానోలిస్ అనే శాస్త్రవేత్త దానికి డార్వినిలస్ సెడారిసి అని పేరు పెట్టలేదు. మన పురుగు అంతకాలం ఆగనక్కర్లేదని నా ఆశ.

ఆ నమూనా అన్నాళ్ళ తర్వాత కూడా పనికివచ్చిందంటే కారణం, దాన్ని ఎవరో పద్ధతిగా దాచడమే. మన దగ్గర లోపిస్తున్నది ఇదే. దీపపు ఎరలో పడినవాటిని మధ్యాహ్నం దాకా సబ్బు నీళ్ళలో వదిలేస్తే కుళ్ళి కాళ్ళు ఊడిపోతాయి. తెల్లవారకముందే సన్నని కుంచెతోనో పటకారుతోనో ఏరి, 70 శాతం ఆల్కహాల్ ఉన్న చిన్న సీసాలో వేయాలి. డీఎన్ఏ పరీక్షకు పంపదలిస్తే 95 శాతానికి తగ్గకూడదు. పెడెరస్‌ను ఎప్పుడూ ఉత్త చేత్తో తాకకూడదు, ఎండిన నమూనాలో కూడా పెడెరిన్ నిలిచి ఉంటుంది. సీసా లోపలే పెన్సిలుతో రాసిన చీటీ వేయాలి. పెన్ను సిరా ఆల్కహాల్‌లో కరిగిపోతుంది. ఊరు, మండలం, తేదీ, ఏ పైరు, ఏ దశ, దీపపు ఎరా లేక నేలలో పాతిన డబ్బా ఎరా, పట్టినవారు ఎవరు అన్నవన్నీ ఆ చీటీలో ఉండాలి. చీటీ లేని పురుగు ఎంత అందంగా ఉన్నా శాస్త్రానికి చెత్తతో సమానమని మా గురువుగారు అంటుండేవారు. మాట కటువుగా ఉన్నా, నలభై ఏళ్ళ తర్వాత కూడా అందులో తప్పు పట్టలేకపోతున్నాను.

ఇందుకు పెద్ద ఖర్చేమీ అవసరం లేదు. గ్రామాల్లోని రైతు కేంద్రాల్లో ఓ పాతిక చిన్న సీసాలు, కొంత ఆల్కహాల్, అచ్చువేసిన చీటీలు, ఒక భూతద్దం ఉంచి, రైతు తెచ్చిన తెలియని పురుగును వ్యవసాయ విశ్వవిద్యాలయంలోని కీటక శాస్త్ర విభాగానికి పంపే ఏర్పాటు చేస్తే చాలు. అక్కడ తేలనివి బెంగళూరులోని జాతీయ వ్యవసాయ కీటక వనరుల సంస్థకో, కోల్‌కతాలోని భారత జంతు సర్వేక్షణ సంస్థకో వెళ్తాయి. జవాబు వచ్చినప్పుడు అది ఆ రైతుకు చేరాలి. ఇప్పుడు జరుగుతున్నదేమిటంటే, మసక ఫోటో ఒకటి వాట్సాప్‌లో తిరుగుతుంది, పక్క జిల్లాలో ఎవరో ఒక పేరు పెడతారు, సాయంత్రానికి మందుల దుకాణంలో ఆ పేరుకు తగిన డబ్బా సిద్ధంగా ఉంటుంది. పైనుంచి తీసిన ఒక్క ఫోటోతో పెడెరస్‌నూ ఒఫియోనియానూ వేరుచేయవచ్చునేమో గానీ, పొట్ట కింది పలకలు ఆరో ఏడో ఏ ఫోటోలోనూ కనిపించవు.

మీ పత్రికకు నా విన్నపం చిన్నది. పురుగు పేరు తేలకముందే వార్త వేయవలసి వస్తే ‘గుర్తింపు జరగవలసి ఉంది’ అని వేయండి, పాఠకులు అర్థం చేసుకుంటారు. పొలంలో ఏం చేయాలన్న సలహా వేసే ముందు కనీసం ఒక వ్యవసాయ కీటక శాస్త్రవేత్తను అడగండి. ఆనాటి ఫోటోను సవరిస్తూ వేయడానికి నా దగ్గర ఉన్న నమూనా ఫోటోలు రెండు జతపరుస్తున్నాను, ఒకటి పైనుంచి, ఒకటి పక్క నుంచి తీసినది. కొలత తెలియడానికి పక్కన మిల్లీమీటర్ల స్కేలు పెట్టాను. ఫోటో కింద ‘పెడెరస్ ప్రజాతికి చెందిన రోవ్ బీటిల్, పశ్చిమ గోదావరి జిల్లా, సార్వా వరిలో దీపపు ఎర’ అని మాత్రమే వేయగలరు. మగ నమూనాలు రెండూ, ఆ గోధుమ రంగు పురుగు సీసా ఈ సోమవారం పోస్టులో వెళ్తున్నాయి. వాటి పేర్లు తెలిసిన రోజున మళ్ళీ రాస్తాను.

భవదీయుడు,
విశ్రాంత జంతుశాస్త్ర ఉపన్యాసకుడు,
పశ్చిమ గోదావరి జిల్లా